వెబ్‌సైట్లకూ ఒక పరీక్ష ఉంది



ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని కార్యదర్శిగారు అడిగారు. మన ప్రాంతం వాడు చరిత్ర రాస్తానంటే ఉదయగిరి దుర్గం గురించే రాస్తాడని ఎవరైనా అనుకుంటారు. దుర్గం గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. ఆ పని వారికి వదలి, నేను ముప్పై ఏళ్ళు దాటిన మరో చరిత్రను ఎత్తుకున్నాను. ఇందులో రాజులు లేరు గాని యుద్ధాలున్నాయి. పైగా ఈ చరిత్రకు మన నెలనెలా పింఛనుతో నేరుగా సంబంధం ఉంది.

కలిగిరిలో నెట్ సెంటరుకు వెళ్ళినప్పుడు నేను చాలాసార్లు విన్న మాట ఒకటుంది. "ఇందులో రాదు సార్, ఆ మూల కంప్యూటర్లో అయితే వస్తుంది." పల్లె నుంచి బస్సు పట్టుకొని వచ్చిన పెన్షనరు ఆ మాట విని, లేచి మూల కంప్యూటరు దగ్గరకు పోయి, ముందున్నవారి పని అయ్యేదాకా నిలబడతాడు. రెండు కంప్యూటర్లకూ కరెంటు ఒకటే, ఇంటర్నెట్టు ఒకటే, తెరవవలసిన వెబ్‌సైటు ఒకటే. మరి ఒకదానిలో వచ్చి రెండవదానిలో రాకపోవడమేమిటి? దీనికి జవాబు తెలియాలంటే బ్రౌజరు అనే వస్తువు పుట్టుక దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

బ్రౌజరు పని

మనం కంప్యూటరు తెరమీద చూసే వెబ్ పేజీ ఫోటో వంటిది కాదు. "ఇక్కడ శీర్షిక పెద్ద అక్షరాలతో ఉండాలి, ఇక్కడ గడి ఉండాలి, ఇక్కడ మీట ఉండాలి" అని చెప్పే ఆదేశాల పత్రం అది. ఆ ఆదేశాలు చదివి, తెరమీద బొమ్మ కట్టి చూపేది బ్రౌజరు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్, సఫారీ అనేవి అటువంటివే.

మన సర్వీసు భాషలో చెబితే ఇది తొందరగా అర్థమవుతుంది. ప్రభుత్వం ఒకే జీవో ఇస్తుంది. దానిని ఒక కార్యాలయం ఒక విధంగా, పక్క కార్యాలయం మరొక విధంగా అర్థం చేసుకొన్న సందర్భాలు మనకు కొత్త కాదు. ఒకచోట ఎరియర్సు వస్తాయి, ఇంకొకచోట క్లారిఫికేషను కోసం ఫైలు పైకి పోతుంది. వెబ్ పేజీ జీవో అనుకుంటే బ్రౌజరు దానిని అమలు చేసే కార్యాలయం. అందులోనూ పాత వెర్షను, కొత్త వెర్షను అని తేడాలున్నాయి. కొత్త జీవో అందని పాత కార్యాలయం పాత పద్ధతిలోనే పని చేసుకుపోతుంది.

యుద్ధాల కాలం

స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్ లీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1990లో మొదటి బ్రౌజరును తయారుచేశారు. 1993లో అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మొజాయిక్‌తో వెబ్ సామాన్యుల దగ్గరకు చేరింది. 1994 డిసెంబరులో నెట్‌స్కేప్ నావిగేటరు, 1995 ఆగస్టులో మైక్రోసాఫ్టు వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు వచ్చాయి. అదే 1995 ఆగస్టు 15న మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ సేవలు ప్రారంభించింది. అంటే మనకు ఇంటర్నెట్టు వచ్చిన రోజుల్లోనే బ్రౌజర్ల పోరు మొదలయిందన్నమాట.

ఆ పోరులో ఇద్దరూ ఎవరికి తోచిన హంగులు వారు చేర్చుకుంటూ పోయారు. నెట్‌స్కేప్ అక్షరాలను మిణుకు మిణుకుమనిపించింది. ఎక్స్‌ప్లోరరు అక్షరాలను కుడినుంచి ఎడమకు పరుగెత్తించింది. ప్రభుత్వ వెబ్‌సైట్లలో తాజా ప్రకటనలు పరుగెత్తే వరుసను చూసే ఉంటారు. అది ఆ కాలపు వారసత్వమే. ఒకరి హంగు ఇంకొకరి బ్రౌజరులో పనిచేసేది కాదు. దానితో వెబ్‌సైటు తయారుచేసేవారు పేజీ అడుగున "ఫలానా బ్రౌజరులో చూస్తే బాగుంటుంది" అని రాసిపెట్టడం మొదలుపెట్టారు. చూడటానికి మర్యాదగా ఉన్నా దాని అర్థం ఏమిటంటే, మిగతా బ్రౌజర్లలో మేము చూడలేదు, అక్కడ ఏమైనా మాకు సంబంధం లేదు అని.

ఈ అరాచకాన్ని అదుపు చేయడానికి బెర్నర్స్ లీ 1994 అక్టోబరులోనే డబ్ల్యు3సి అనే ప్రమాణాల సంస్థను స్థాపించారు. ఆదేశాలు ఎలా రాయాలో, వాటిని బ్రౌజర్లు ఎలా అర్థం చేసుకోవాలో ఆ సంస్థ రాసి ప్రకటిస్తుంది. రాసిన ప్రమాణాన్ని కంపెనీలు పాటించాలి గదా! అందుకోసం వెబ్ నిపుణులు కొందరు 1998లో ఒక ఉద్యమమే నడిపారు. అదే ఏడు టాడ్ ఫార్నర్ అనే ఆయన ఒక పరీక్ష పేజీ తయారుచేశారు. కంసాలి బంగారాన్ని గీటురాయిమీద గీసి ఆసిడ్ వేసి చూసినట్లు, బ్రౌజరు నాణ్యతను తేల్చే ఆ పేజీకి యాసిడ్ టెస్ట్ అనే పేరు స్థిరపడింది. 2005లో వచ్చిన రెండవ యాసిడ్ టెస్టులో బ్రౌజరు ప్రమాణాలను సరిగా పాటిస్తే తెరమీద నవ్వు ముఖం కనిపించేది, లేకుంటే ముక్కూ మూతీ చెదిరిపోయేవి. 2008లో వచ్చిన మూడవ పరీక్షకు నూరు మార్కులు. ఏ బ్రౌజరుకు ఎన్ని మార్కులో ఎవరికి వారు ఇంట్లోనే చూసుకోవచ్చు. ఈ బహిరంగ పరీక్షల వల్ల కంపెనీలకు పరువు సమస్య వచ్చింది.

ఒక్కడే మిగిలితే

యుద్ధంలో నెట్‌స్కేప్ ఓడింది. 2001 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌ప్లోరరు 6వ వెర్షను రాజ్యమేలింది. కొన్నేళ్ళపాటు ప్రపంచంలో నూటికి తొంభైమందికి పైగా ఎక్స్‌ప్లోరరే వాడేవారు. ఒక్కటే బ్రౌజరు ఉంటే తేడాలుండవు, మంచిదే కదా అనిపించవచ్చు. జరిగింది వేరు. పోటీ లేనందువల్ల 7వ వెర్షను 2006 అక్టోబరు దాకా రాలేదు. అయిదేళ్ళపాటు కార్యాలయాలు, బ్యాంకులు తమ వెబ్‌సైట్లను ఆ ఒక్క బ్రౌజరులోనే చూసుకొని, సరిపోయిందని సంతకం పెట్టేశాయి.

దక్షిణ కొరియా కథ దీనికి మంచి ఉదాహరణ. ఆ దేశంలో ఇంటర్నెట్ బ్యాంకింగుకు యాక్టివ్ ఎక్స్ అనే మైక్రోసాఫ్టు పరికరాన్ని ఆధారం చేసుకున్నారు. అది ఎక్స్‌ప్లోరరులో తప్ప పనిచేయదు. ఇంటర్నెట్టు వేగంలో ప్రపంచానికి ముందున్న ఆ దేశం ఏళ్ళ తరబడి ఒకే బ్రౌజరుకు కట్టుబడిపోయింది. ఆ విధానంతో ముడిపడిన ధ్రువపత్రాల ప్రత్యేక హోదాను అక్కడి ప్రభుత్వం తొలగించేసరికి 2020 డిసెంబరు వచ్చింది.

మన దగ్గర డిజిటల్ సంతకానికి జావా అనే పరికరంతో ఇటువంటి చిక్కే వచ్చింది. 2015లో క్రోమ్, 2017లో ఫైర్‌ఫాక్స్ భద్రతా కారణాలతో ఆ పాత పద్ధతిని తీసివేశాయి. అంతవరకు సాఫీగా సాగిన టెండర్ల పనులు, రిటర్నుల పనులు ఉన్నట్టుండి ఆగాయి. చాలాచోట్ల "ఈ పనికి మాత్రం ఎక్స్‌ప్లోరరు వాడండి" అన్నారు. నెట్ సెంటర్లలో ఒక కంప్యూటరును అలాగే పాతగా ఉంచుకోవలసి వచ్చింది. మన మూల కంప్యూటరు రహస్యం ఇదే. చివరికి 2022 జూన్ 15న మైక్రోసాఫ్టు ఆ ఎక్స్‌ప్లోరరునే విరమింపజేసింది. ఇరవై ఏడేళ్ళ సర్వీసు!

తెలుగు అక్షరం పడిన పాట్లు

ఇంగ్లీషువారికి గడులు పక్కకు జరగడం, రంగులు మారడం వరకే బాధ. తెలుగువారికి అసలు అక్షరమే కనపడేది కాదు. 1990 దశకం చివర తెలుగు పత్రికలు ఇంటర్నెట్టులోకి వచ్చినప్పుడు ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క సొంత ఫాంటు, ఒక్కొక్క సొంత సంకేతాల పట్టిక. ఫాంటు లేని కంప్యూటరులో వార్త తెరిస్తే కొమ్ములూ తోకలూ ఉన్న యూరపు అక్షరాలు వరుసగా కనిపించేవి. అమెరికాలో ఉన్న పిల్లలు ఊరి వార్తలు చదవబోతే ముందు ఫాంటు దించుకొని ఎక్కించుకోవలసి వచ్చేది.

దీనికి విరుగుడుగా పేజీతోపాటు ఫాంటు కూడా దానంతటదే వచ్చే డైనమిక్ ఫాంటు పద్ధతి 1997లో వచ్చింది. అక్కడా పేచీయే. నెట్‌స్కేప్‌ది ఒక పద్ధతి, ఎక్స్‌ప్లోరరుది ఇంకొక పద్ధతి. తర్వాత 2004 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్‌కు ఈ రెండూ పట్టవు. ఆ చిక్కు తీర్చడానికి నాగార్జున వెన్న అనే తెలుగువారు ఫైర్‌ఫాక్స్‌కు "పద్మ" అనే అనుబంధాన్ని తయారుచేశారు. పత్రికల సొంత సంకేతాలను అది అప్పటికప్పుడు యూనికోడులోకి మార్చి చూపేది.

యూనికోడు అంటే ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఒకే జాబితాలో అంకెలు కేటాయించిన ప్రమాణం. 1991 నాటి మొదటి వెర్షనులోనే మన తెలుగుకు 128 స్థానాలు ఇచ్చారు. అంకె ఇచ్చినంతలో అక్షరం తెరమీదికి రాదు. వత్తు కిందికి దిగాలి, గుడి పైకెక్కాలి, క-కారానికి ష-వత్తు కలిసి క్ష కావాలి. ఆ కూర్పు పని చేసే శక్తి, గౌతమి అనే తెలుగు ఫాంటు 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చాయి. అప్పుడు కూడా సెట్టింగులలోకి పోయి సీడీ పెట్టి ఆ సౌకర్యాన్ని మేలుకొలపాలి. లేకుంటే పొల్లులు విడిపోయి, వత్తులు పక్కకు జారి, కొన్నిచోట్ల ఉత్త డబ్బాలు కనిపించేవి. దేశికాచారిగారి పోతన, వేమన ఫాంట్లు అప్పట్లో చాలామందిని ఆదుకున్నాయి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనాక, తెలుగు ఏ బ్రౌజరులో ఎలా కనిపిస్తోందో, ఏ సెట్టింగు మార్చాలో ఔత్సాహికులు ఒకరికొకరు చెప్పుకున్నారు. జీతం లేని పరీక్షకులు వారే.

పేజీతోపాటు ఫాంటును పంపే పద్ధతి అందరికీ ఒకే విధంగా కుదిరింది 2008 నుంచి 2011 మధ్య. సఫారీ, ఫైర్‌ఫాక్స్, చివరగా ఎక్స్‌ప్లోరరు 9వ వెర్షను ఆ దారికి వచ్చాయి.

ఆఖరి కాపీ

ఇక పరీక్ష ఎలా చేస్తారో చెబుతాను. నేను తాలూకా కచేరీలో టైపిస్టుగా చేరిన రోజుల్లో మిషనులో ఒకేసారి అయిదు కాగితాలు, నడుమ నాలుగు కార్బన్లు పెట్టి కొట్టేవాళ్ళం. టైపు చేసింది చూపిస్తే మా హెడ్ గుమాస్తాగారు పై కాగితం చూసేవారు కాదు. "ఆఖరి కాపీ చూపించు నాయనా" అనేవారు. పై కాపీ కలెక్టరాఫీసుకు పోతుంది, అది ఎలాగూ నల్లగా స్పష్టంగా ఉంటుంది. అడుగు కాపీ పోయేది పల్లెలో కరణం దగ్గరకు. అక్కడ సర్వే నెంబరులో 3 అనే అంకె 8గా కనిపిస్తే రైతు ఆఫీసు చుట్టూ తిరగాలి. అందుకని అడుగు కాపీలో అంకెలు కనిపిస్తేనే పని అయినట్లు.

వెబ్‌సైటు పరీక్షలో సారమంతా ఇదే. తయారుచేసినవారి కొత్త కంప్యూటరులో, తాజా బ్రౌజరులో పేజీ బాగుండటం పై కాపీ బాగుండటం వంటిది. చూడవలసింది పల్లెలో పాత ఫోను మీద ఎలా ఉందని. అయిదు బ్రౌజర్లు, ఒక్కొక్కదానికి నాలుగు వెర్షన్లు, మూడు రకాల కంప్యూటరు వ్యవస్థలు అనుకుంటే 60 కలయికలు. దరఖాస్తుకు పది పేజీలుంటే 600 సార్లు చూడాలి. ఒక చిన్న మార్పు చేస్తే మళ్ళీ మొదటి నుంచి. మనుషులతో అయ్యే పని కాదు.

అందుకే 2004లో షికాగోలో జేసన్ హగ్గిన్స్ అనే ఆయన సెలీనియం అనే సాధనం తయారుచేశారు. మనిషి బదులు అదే బ్రౌజరును తెరిచి, గడులు నింపి, మీట నొక్కి, ఫలితం సరిగా వచ్చిందో లేదో చెబుతుంది. 2011లో రితేష్ అరోరా, నకుల్ అగర్వాల్ అనే ఐఐటీ బొంబాయి పట్టభద్రులిద్దరు బ్రౌజర్‌స్టాక్ అనే సంస్థను ప్రారంభించారు. వేరువేరు బ్రౌజర్లున్న యంత్రాలను, నిజమైన ఫోన్లను ఒకచోట ఉంచి, ఎక్కడివారైనా వాటిమీద తమ వెబ్‌సైటును చూసుకొనేలా అద్దెకిచ్చే వ్యాపారం అది. ముంబయిలో పుట్టిన ఆ సంస్థ సేవలను ప్రపంచంలో పెద్ద పెద్ద కంపెనీలు వాడుతున్నాయి. మన మండలాల పిల్లలు ఎందరో డిగ్రీ కాగానే హైదరాబాదు అమీర్‌పేటలో గది తీసుకొని "టెస్టింగు టూల్స్" నేర్చుకున్నారు. వారు చేసే ఉద్యోగం ఏమిటని అడిగితే తల్లిదండ్రులు "కంప్యూటరు" అని ఊరుకుంటారు. అడుగు కాపీ చూసే ఉద్యోగమని చెప్పవచ్చు.

వెర్షను నెంబరే చిక్కు తెచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. 2009లో ఒపేరా అనే బ్రౌజరు 10వ వెర్షను వచ్చింది. అంతవరకు ఒక్క అంకెకే అలవాటుపడిన కొన్ని వెబ్‌సైట్లు 10లో మొదటి 1 మాత్రమే చదివి, ఇదేదో అతి పాతది అనుకున్నాయి. చేసేది లేక ఒపేరా తన పేరు చెప్పుకొనేటప్పుడు 9.80 అని చెప్పుకుంది. 2000 సంవత్సరం వచ్చేటప్పుడు రెండంకెల వై2కె గొడవ మనకు గుర్తుండే ఉంటుంది. అదే జబ్బు. ఆ అనుభవంతో 2022లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ 100వ వెర్షనుకు చేరేముందు నెలల తరబడి పరీక్షలు చేయించి, మూడంకెలు చూసి తడబడే వెబ్‌సైట్లను ముందుగానే వెతికి పట్టుకున్నారు. రెండూ పెద్ద ఇబ్బంది లేకుండా గట్టెక్కాయి. పరీక్ష సరిగా జరిగితే వార్త ఉండదు. అందువల్లే ఆ పని చేసినవారి పేర్లు మనకు తెలియవు.

పరీక్ష తప్పిపోతే మాత్రం వార్త అవుతుంది. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోన్లను మన తెలుగు అక్షరమే కూలదోసింది. "జ్ఞా"లో జ, ఞ, దీర్ఘాల నడుమ కంటికి కనపడని ఒక సంకేతం చేరి సందేశంలో వస్తే చాలు, ఆ సందేశం తెరిచిన అప్లికేషను మూతపడేది. అంత పెద్ద కంపెనీ పరీక్షలన్నిటినీ దాటుకొని, జ్ఞానానికి మొదటి అక్షరం ఫోనును మూగబోయేటట్లు చేసింది. ఫిబ్రవరి 19న సవరించిన వెర్షను విడుదల చేశారు. కోట్లమంది మాట్లాడే భాష కూడా పరీక్ష జాబితాలో అడుగున ఉంటే ఏమవుతుందో దీనివల్ల తెలిసింది.

మన సంగతి

కేంద్ర ప్రభుత్వం 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ ప్రారంభించింది. 2021 నవంబరులో ముఖం చూసి గుర్తించే పద్ధతి కూడా వచ్చింది. వేలిముద్రలు అరిగిపోయిన మన వయసువారికి ఇది మేలే. కాదనను. బ్యాంకు మెట్లెక్కలేని సభ్యుడు మంచంమీద నుంచే తాను బతికి ఉన్నానని చెప్పుకోగలుగుతున్నాడు. అయితే ఆ పేజీ తెరుచుకోకపోతే? ఏటా ఇవ్వవలసిన ఆ పత్రం అందకపోతే పింఛను ఆగుతుంది. మందుల షాపువాడికి బ్రౌజరు వెర్షను పాతదని చెబితే వింటాడా?

ఈ విషయంలో మన దేశంలో నియమం లేకపోలేదు. ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం 2009లో వెలువడిన జాతీయ మార్గదర్శకాలలోనే వెబ్‌సైటును ఒకటికి మించిన బ్రౌజర్లలో పరీక్షించాలని, ప్రాంతీయ భాషల ఫాంట్లు వాడుకలో ఉన్న బ్రౌజర్లలో చెదరకుండా వస్తున్నాయో లేదో చూడాలని ఉంది. కాబట్టి మనం అడగబోయేది దయ కాదు.

ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. ఎంత పాత బ్రౌజరైనా ఎప్పటికీ పనిచేయాలని కోరడం సబబు కాదు. పాత వెర్షన్లలో దొంగలు దూరే కంతలుంటాయి. మన ఆధారు నెంబరు, బ్యాంకు ఖాతా దాటే దారి భద్రంగా ఉండాలంటే కొన్ని తలుపులు మూయక తప్పదు. అయితే మూసినప్పుడు "మీ బ్రౌజరు పాతది, ఇలా మార్చుకోండి" అని తెలుగులో ఒక వాక్యం తెరమీద రావాలి. తెల్ల తెర చూపించి ఊరుకోకూడదు. తెల్ల తెర చూసిన పెద్దవారు తప్పు తమదే అనుకుంటారు. మిషను చేతకాదని సిగ్గుపడి ఇంటికి పోతారు. నేను ఈ వ్యాసం రాయడానికి ముఖ్య కారణం అదే. ఆ తప్పు మీది కాదు. చాలాసార్లు అది ఎవరో ఎక్కడో చేయకుండా వదిలేసిన పరీక్ష.

సభ్యులకు నా మనవి. పేజీ రానప్పుడు మూడు సంగతులు కాగితంమీద రాసుకోండి. ఏ బ్రౌజరు, దాని వెర్షను నెంబరు ఎంత, ఏ రోజు ఎన్ని గంటలకు. వెర్షను నెంబరు సెట్టింగులలో ఉంటుంది, మనవడిని అడిగితే చూపిస్తాడు. వీలైతే తెర ఫోటో తీయించండి. అందులో ఖాతా నెంబరు, ఆధారు నెంబరు కనపడకుండా చూసుకోండి. "వెబ్‌సైటు పనిచేయడం లేదు" అనే ఫిర్యాదు బుట్టలో పడుతుంది. ఈ మూడు సంగతులున్న ఫిర్యాదుతో పరీక్షకుడు అదే తేడాను తన దగ్గర తెప్పించి చూడగలడు, చూడగలిగితే సరిచేయగలడు. కలిగిరి, వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు సభ్యుల దగ్గర నుంచి ఇటువంటి కాగితాలు సంఘానికి చేరితే, కార్యవర్గం వాటిని ఒక పట్టికగా వేసి సంబంధిత శాఖకు పంపవచ్చు. టైపు చేసే పని నాకు అప్పగించవలసిందిగా కోరుతున్నాను.